చెరువా, బోరా: తెలంగాణ గ్రానైట్ నేలకు ఏది నిలుస్తుంది?

కాకతీయుల కాలంలో పాఖాల, రామప్ప, లక్నవరం చెరువులు ఈ నేల రూపాన్నే మార్చాయి. బోరు మార్పు మాత్రం కంటికి కనబడదు.

గ్రానైట్‌లో నీరు పైనున్న శిథిల పొరలో (చివికి మెత్తబడిన రాతిలో), దాని కింద పగుళ్లలోనే ఉంటుంది. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. అందుకే పక్క పొలంలో మరో బోరు పడితే అదే పగులును ఇద్దరూ తోడతారు, మోటారు గాలి లాగుతుంది. నల్లగొండ లాంటి చోట్ల ఫ్లోరైడ్ కూడా వస్తుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అయితే నీళ్లు మీట నొక్కగానే వస్తాయి, చెరువు నీళ్లు వదిలే నీరటి కోసం ఎదురుచూడక్కర్లేదు. రైతు బోరును ఎంచుకోవడంలో తప్పేమీ లేదు.

చెరువుకు ఊరంతా కలవాలి. ఎకరం మేర మీటరు పూడిక తీస్తే సుమారు 40 లక్షల లీటర్ల చోటు దొరుకుతుంది, ఒండ్రు పొలానికి ఎరువవుతుంది. కట్ట మొదట్లో తవ్వితే కట్ట జారుతుంది. పూడిక దాటి మొరం తేలేదాకా తవ్వితే నీరు నిలవదు. కట్టమీద తుమ్మ పెరగనిస్తే, వేళ్లు కుళ్లిన దారిలో ఊట మొదలై గండి పడుతుంది. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ పూడిక తీయించింది గానీ, వాన నీటిని తెచ్చే వాగులు, కాలువలు పూడితే చెరువు నిండదు.

మా ఓటు చెరువుకే. బోరు ఉండనివ్వండి, చెరువు కింది పొలాల్లో, తక్కువ నీటితో పండే ఆరుతడి పంటకు.