ప్లేఆఫ్స్‌లో ఎవరు గెలుస్తారు: రికార్డును నమ్మాలా, పాయింట్ల తేడానా, వేగాస్ లైన్‌నా?

జనవరి రెండో వారం వస్తే ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్) ప్లేఆఫ్స్, అంటే నాకౌట్ మ్యాచ్‌ల హడావుడి. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు సంక్రాంతి పనులు కూడా సరిగ్గా అప్పుడే. ఆఫీసులో ఎవరో బ్రాకెట్ షీటు పంపి, ఏ మ్యాచ్ ఎవరిదో నింపి ఇమ్మంటారు. చాలామంది రెండు జట్ల రికార్డు (గెలుపోటముల లెక్క) చూసి, ఎక్కువ గెలిచినవాళ్లకు టిక్కు పెట్టేస్తారు. ఉన్న పద్ధతుల్లో నేను అన్నిటికంటే తక్కువ నమ్మేది దాన్నే.

సీజన్‌లో ఒక్కో జట్టు ఆడేది 17 మ్యాచ్‌లే. వాటిలో కొన్ని ఆఖరి నిమిషంలో ఒక్క ఫీల్డ్ గోల్‌తో (బంతిని తన్ని సంపాదించే 3 పాయింట్లతో) తేలిపోతాయి. ఆ అదృష్టం రికార్డులో కలిసిపోయి కనపడకుండా ఉంటుంది. 2022 సీజన్‌లో మిన్నెసోటా వైకింగ్స్ 13 గెలిచి 4 ఓడారు. చూడటానికి భయపెట్టే రికార్డే. కానీ సీజన్ మొత్తం మీద వాళ్లు చేసిన పాయింట్లు 424, ప్రత్యర్థులకు ఇచ్చినవి 427. గెలిచినవాటిలో చాలావరకు కొద్ది తేడాతోనే, ఓడినప్పుడు మాత్రం చిత్తుగా. ప్లేఆఫ్స్ తొలి రౌండ్‌లోనే సొంత మైదానంలో న్యూయార్క్ జెయింట్స్ చేతిలో 31-24తో ఓడి ఇంటికెళ్లారు.

సీడ్ (ప్లేఆఫ్స్‌లో జట్టుకు ఇచ్చే ర్యాంకు) చూసి ఎంచడమూ ఇంతే. డివిజన్ (లీగ్‌లో నాలుగేసి జట్ల గుంపు) గెలిచిన జట్టుకు రికార్డు ఎలా ఉన్నా తొలి మ్యాచ్ సొంత ఊళ్లో దక్కుతుంది. 2010 సీజన్‌లో (అప్పట్లో మ్యాచ్‌లు 16) సియాటిల్ సీహాక్స్ 7 గెలిచి 9 ఓడినా డివిజన్ వాళ్లదే అయింది. 11 మ్యాచ్‌లు గెలిచిన న్యూ ఓర్లీన్స్ సెయింట్స్, అదీ ముందటేడు ఛాంపియన్లు, సియాటిల్‌కు వెళ్లి 41-36తో ఓడారు.

అందుకే రికార్డు పక్కన పెట్టి పాయింట్ల తేడా చూడమంటాను. చేసిన పాయింట్లలోంచి ఇచ్చినవి తీసేయండి, అంతే. 2024 సీజన్ దీనికి మంచి ఉదాహరణ. కాన్సాస్ సిటీ చీఫ్స్ 15 గెలిచి 2 ఓడారు, ఫిలడెల్ఫియా ఈగల్స్ 14 గెలిచి 3 ఓడారు. రికార్డు చీఫ్స్ అంటోంది. పాయింట్ల తేడా మాత్రం చీఫ్స్‌కు 59, ఈగల్స్‌కు 160. 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌లో, అంటే ఫైనల్లో, ఈగల్స్ 40-22తో గెలిచారు. ఆ స్కోరు కూడా చివర్లో చీఫ్స్ కొన్ని పాయింట్లు చేయబట్టి అలా కనిపిస్తోంది గానీ, మ్యాచ్ మూడో క్వార్టర్‌కే అయిపోయింది.

అయితే ఈ లెక్కను శుభ్రం చేసుకోవాలి. సీడ్ ఖాయమైపోయిన జట్లు ఆఖరి వారం పెద్ద ఆటగాళ్లకు విశ్రాంతి ఇస్తాయి. చీఫ్స్ అలా చేసే డెన్వర్ చేతిలో 38-0తో ఓడారు. ఆ ఒక్క మ్యాచ్ తీసేస్తే 59 కాస్తా 97 అవుతుంది. అప్పటికీ ఈగల్సే మెరుగు, కానీ తేడా అంత భయంకరంగా ఉండదు. ఇంత జాగ్రత్తపడ్డా దెబ్బ తినే రోజులుంటాయి. అదే సీజన్‌లో డెట్రాయిట్ లయన్స్ తేడా 222. రెండో రౌండ్‌లో తమ గడ్డ మీదే వాషింగ్టన్ చేతిలో 45-31తో ఓడారు. దెబ్బ తగిలిన ఆటగాళ్లతో వాళ్ల డిఫెన్స్ అప్పటికే సగం ఖాళీ. సీజన్ మొత్తం కూడిక ఆ సంగతి ఎలా చెప్పగలదు?

ఆ సంగతి చెప్పేది వేగాస్ లైన్, అంటే ఏ జట్టు ఎన్ని పాయింట్ల తేడాతో గెలుస్తుందని బెట్టింగ్ సంస్థలు వేసే అంచనా. పందెం కాయమని అనడం లేదు, బెట్టింగ్ వల్ల మన ఊళ్లలో ఎన్ని ఇళ్లు చితికిపోయాయో చూస్తూనే ఉన్నాం. లైన్‌ను ఉచితంగా దొరికే సమాచారంగా మాత్రమే వాడుకోమంటున్నాను. ఫలానా జట్టు 7 పాయింట్ల ఫేవరెట్ (7 పాయింట్ల తేడాతో గెలవొచ్చు) అని రాస్తే, అందులో గాయాలు, వాతావరణం, సొంత మైదానం, క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపే ఆటగాడు) మార్పు అన్నీ కలిసే ఉంటాయి. తప్పు అంచనాకు సొంత డబ్బు పోతుంది కాబట్టి ఆ లెక్క వేసేవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకునే వేస్తారు.

కానీ దాన్ని చదవడం తెలియాలి. అసలు ఫలితం లైన్‌కు 13 పాయింట్లు అటూ ఇటూ పోవడం మామూలే. అందుకని 3 పాయింట్ల ఫేవరెట్ గెలిచే అవకాశం దాదాపు 60 శాతం, 7 పాయింట్లయితే 70 దరిదాపు. అంతకు మించి లేదు. 2008 ఫిబ్రవరి సూపర్ బౌల్‌కు ఒక్క ఓటమీ లేకుండా వచ్చిన న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ దాదాపు 12 పాయింట్ల ఫేవరెట్లు. జెయింట్స్ 17-14తో గెలిచారు. 2017 సీజన్‌లో క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్ గాయపడ్డాక ఈగల్స్ టాప్ సీడ్ అయి కూడా మూడు ప్లేఆఫ్ మ్యాచ్‌లలోనూ అండర్‌డాగే, అంటే లైన్ ప్రకారం ఓడాల్సిన జట్టే. నిక్ ఫోల్స్‌తో మూడూ గెలిచి కప్పు తీసుకెళ్లారు. ఆ ఏడు లైన్ చూసినవాళ్ల కంటే సీడ్ చూసినవాళ్లకే ఎక్కువ మార్కులు పడి ఉంటాయి.

ఇక ఈలో రేటింగ్. చదరంగం ఆటగాళ్ల కోసం ఆర్పాడ్ ఈలో తయారుచేసిన పద్ధతి ఇది. బలమైన జట్టును ఓడిస్తే ఎక్కువ రేటింగ్ పాయింట్లు, బలహీనమైన జట్టును ఓడిస్తే తక్కువ. ఒక్క మ్యాచ్‌కైతే లైన్ ఉండగా దీని అవసరం నాకు కనపడదు. ఎటొచ్చీ బ్రాకెట్ మొత్తం ముందే నింపాల్సి వస్తే లైన్ అక్కరకు రాదు, ఎందుకంటే రెండో రౌండ్ మ్యాచ్‌లకు అప్పటికి లైనే ఉండదు. రేటింగ్‌తో అయితే ఏ రెండు జట్లనైనా పోల్చవచ్చు, టోర్నీ మొత్తాన్ని కంప్యూటర్‌లో వేలసార్లు ఆడించి చూడవచ్చు. ఇక్కడొక చిన్న లెక్క: టాప్ సీడ్‌కు తొలి రౌండ్ ఆడే పని లేదు, మూడు గెలిస్తే చాలు. ప్రతి మ్యాచ్‌కూ 70 శాతం అవకాశం ఉందనుకున్నా మూడూ గెలిచే అవకాశం 34 శాతమే. మిగతావాళ్లు నాలుగు గెలవాలి, వాళ్లకు అదే లెక్కన 24. ఛాంపియన్‌గా టాప్ సీడ్‌ను ఎంచమనడానికి నాకున్న కారణం ఇదే.

మ్యాచ్ మ్యాచ్‌కూ ఎంచే పూల్ (ఆఫీసు పోటీ) అయితే నేను లైన్‌తోనే వెళ్తాను. అది 3 పాయింట్ల లోపు ఉంటే మాత్రం శుభ్రం చేసిన పాయింట్ల తేడా వైపు మొగ్గుతాను. 2025 సూపర్ బౌల్‌లో లైన్ చీఫ్స్‌ను ఒకటిన్నర పాయింట్ల దరిదాపు ఫేవరెట్ అనే అంది, అక్కడ ఈ రెండో మెట్టు పనికొచ్చేది. రికార్డూ సీడూ ఈ లెక్కలోకి రావు. అభిమాన జట్టు ప్రేమ అసలే రాకూడదు. డాలస్ వైపు ఉన్న మనవాళ్లకు ఈ మాట నచ్చదని తెలుసు. 2024 భోగి నాడు ఆర్లింగ్టన్‌లో డాలస్ జట్టు కౌబాయ్స్ 48-32తో గ్రీన్ బే చేతిలో ఓడారు. ప్లేఆఫ్ మ్యాచ్ గెలిచిన తొలి ఏడో సీడ్ గ్రీన్ బేనే. నేను చెప్పిన పద్ధతులన్నీ ఆ రోజు కౌబాయ్స్‌నే ఎంచేవి. అయినా వచ్చే ఏడు 7 పాయింట్ల ఫేవరెట్ కనపడితే అదే ఎంచండి.

షీటు చివర టై పడితే తేల్చడానికి సూపర్ బౌల్ మొత్తం పాయింట్లు ఎన్నో రాయమంటారు. దానికీ వేగాస్‌లో ఓవర్-అండర్ అని ఒక అంకె ఉంటుంది. దాన్నే రాసేయండి.