ట్రాక్టర్‌కి ఇంట్లో చేసుకున్న మాగ్నెట్ బాటిల్ హోల్డర్: వాడి చూశాక రివ్యూ

ముందే చెప్పేస్తా, ట్రాక్టర్ మీద మాగ్నెట్ బాటిల్ హోల్డర్ పనికొస్తుందా అంటే బ్రహ్మాండంగా పనికొస్తుంది, కానీ ఎంత బలమైన మాగ్నెట్ వేశామన్నదానికన్నా అది జారకుండా ఏం చేశామన్నదే ఇక్కడ అసలు సంగతి. రెడీమేడ్‌ది కొనేవాళ్లూ, సొంతంగా చేసుకునేవాళ్లూ ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే. ప్యాకెట్ మీద ఇన్ని కిలోలు ఆపుతుంది అని రాసుంటుంది, మన లీటర్ బాటిల్ ఎంతా, మహా అయితే కిలో పైచిలుకు, ఇంకేం అనుకుని తగిలించేస్తారు, ఇంజన్ స్టార్ట్ అయ్యాక చూస్తే హోల్డర్ మెల్లగా కిందకి దిగుతూ ఉంటుంది.

ఆ కిలోల లెక్క ఎక్కడిదంటే, దళసరిగా చదునుగా ఉన్న ఇనప ప్లేటుకి మాగ్నెట్ అంటించి ఎదురుగా లాగితే ఊడొచ్చే బలం అది. మనం తగిలించేదేమో నిలువుగా ఉన్న రేకుకి, బాటిల్ బరువు లాగేది కిందకి. అక్కడ ఆపేది రాపిడి ఒక్కటే. నికెల్ పూత ఉన్న నున్నటి మాగ్నెట్‌ని నున్నటి పెయింట్ మీద పెడితే చెప్పిన బలంలో ఐదో వంతు దక్కితే గొప్ప, అంటే 10 కిలోల మాగ్నెట్ నిలువు మీద 2 కిలోలు ఆపుతుందన్నమాట. అదీ మంచి రేకు దొరికితే. మడ్‌గార్డ్ రేకు పల్చన కాబట్టి మాగ్నెట్ బలం పూర్తిగా అందులోకి దిగదు, పైగా ఒంపుగా ఉంటే మాగ్నెట్ మొత్తం ఆనదు, ఒక గీతంత మేర మాత్రమే తగులుతుంది. ఇవన్నీ చాలవన్నట్టు చాళ్లకి అడ్డంగా పోయేటప్పుడు, గట్టు ఎక్కి దిగేటప్పుడు కుదుపుకి ఆ కిలో బాటిలే ఒక్క క్షణం రెండు మూడు కిలోలంత బరువుతో గుంజుతుంది. ఇప్పుడు లెక్కేసుకోండి.

రెడీమేడ్ గురించి రెండు ముక్కలు. నేను వాడింది ప్లాస్టిక్ కప్పు, వెనకాల ప్లాస్టిక్ లోపలే పొదిగిన మాగ్నెట్లు. చూడ్డానికి బాగుంది, ఫినిషింగ్ బాగుంది, వర్క్‌షాప్‌లో బల్ల పక్కన బీరువాకి తగిలిస్తే అస్సలు వంక పెట్టలేం. ట్రాక్టర్ మీద మాత్రం నిలబడలేదు. మాగ్నెట్‌కీ ఇనుముకీ మధ్య ఒక మిల్లీమీటర్ సందు వచ్చినా పట్టు బాగా పడిపోతుంది, దీంట్లో ఆ సందు డిజైన్‌లోనే ఉంది. కప్పు కూడా కూల్‌డ్రింక్ టిన్ను కొలతకి చేసింది, అంటే 66 మిల్లీమీటర్ల టిన్ను సరిగ్గా కూర్చుంటుంది, పొలంలోకి అంత చిన్న టిన్ను పట్టుకెళ్లేవాళ్లు ఎవరో నాకైతే తెలీదు. 5కి 2.

ఇక ఇంట్లో చేసినవి. కప్పు భాగం అన్నింటికీ ఒకటే, పీవీసీ పైపు ముక్క. 90 మిల్లీమీటర్ల పైపు అయితే మామూలు లీటర్ బాటిల్ దిగుతుంది, మిగిలిన ఖాళీలో పల్చటి ఫోమ్ ముక్క చుట్టి పెడితే గలగల ఉండదు. దళసరి థర్మాస్ బాటిల్ అయితే 110 పైపు. హాక్సా బ్లేడుతో కోసి, అంచులు ఎమ్రీ పేపర్‌తో రుద్ది, కింద ఎండ్ క్యాప్ వేసి దానికి తప్పకుండా రంధ్రాలు పెట్టండి, లేకపోతే వానకీ బాటిల్‌కి పట్టిన చెమటకీ అడుగున బురద చేరుతుంది. ఎత్తు బాటిల్‌లో సగం దాకా ఉండాలి, తక్కువైతే కుదుపుకి బాటిల్ ఎగిరి బయట పడుద్ది. పైపు గుండ్రంగా ఉంటుంది కదా, వెనక మాగ్నెట్లు బిగించాలంటే చదునైన చోటు కావాలి, దానికి మరిగే నీళ్లలో ఆ వైపు కాసేపు ముంచి చెక్కతో నొక్కితే మెత్తబడి చదునవుతుంది. మంట మీద మాత్రం కాల్చొద్దు, పీవీసీ కాలితే వచ్చే పొగ చాలా చెడ్డది. కాఫీ మగ్గు పెట్టుకునేవాళ్లు పిడి దిగడానికి ముందువైపు నిలువుగా ఒక చీలిక కోసుకుంటే సరిపోద్ది.

త్రీడీ ప్రింటర్ ఉన్నవాళ్లకి ఒక మాట, మామూలు పీఎల్‌ఏ రకం ప్లాస్టిక్‌తో కప్పు చేస్తే 60 డిగ్రీల దగ్గరకొచ్చేసరికే మెత్తబడుతుంది, ఎండలో నిలబెట్టిన ట్రాక్టర్ మీద ఆ వేడి రావడం పెద్ద విషయం కాదు. పీఈటీజీయో ఏఎస్‌ఏనో వాడండి, ఇవి అంతకన్నా ఎక్కువ వేడికి తట్టుకునే ప్లాస్టిక్‌లు.

మాగ్నెట్ల విషయానికొస్తే మొదట పాత స్పీకర్‌లోది. ఇది ఫెరైట్ రింగు, నల్లగా రాయిలా ఉంటుంది. తుప్పు పట్టదు, వేడికి జంకదు, ఊరికే దొరుకుతుంది, పాత స్పీకర్ లేని ఇల్లు ఉండదు. స్పీకర్‌లో ఈ రింగు రెండు ఇనప ప్లేట్ల మధ్య ఇరుక్కుని ఉంటుంది, విప్పేటప్పుడు చాలామంది రెండు ప్లేట్లూ పీకేసి ఉత్త రింగు వాడతారు, అప్పుడు పట్టు నీరసంగా ఉంటుంది. వెనక ప్లేటు అలాగే ఉంచితే వెనక్కి పోయే బలం కూడా ముందుకి తిరుగుతుంది, తేడా చేతికే తెలుస్తుంది. దీని తలనొప్పి బరువు, హోల్డరే బాటిల్‌తో సమానంగా తూగుతుంది. పైసా ఖర్చు లేకుండా అయ్యే పని కాబట్టి 5కి 3 ఇస్తా. పాత మైక్రోవేవ్ ఓవెన్‌లో కూడా ఇలాంటి రింగులే రెండు ఉంటాయి కానీ దాని జోలికి పోవద్దు, ప్లగ్ పీకినా లోపలి కెపాసిటర్‌లో కరెంటు నిలవ ఉండి ప్రాణం తీయగలదు, నీళ్ల సీసా కోసం అంత సాహసం దేనికి.

తర్వాత పాత కంప్యూటర్ హార్డ్ డిస్కులోవి. ఇవి నియోడిమియం అనే చాలా బలమైన రకం మాగ్నెట్లు, అరచంద్రం ఆకారంలో ఇనప పట్టీకి అంటించి ఉంటాయి, ఆ పట్టీకి బోల్టు రంధ్రాలు ముందే ఉంటాయి కాబట్టి బిగించడం తేలిక. సైజు చూసి నవ్వుకుంటాం గానీ పట్టు చూస్తే వేళ్లు జాగ్రత్త అనిపిస్తుంది, రెండు కలిసి టక్కున అంటుకున్నాయంటే మధ్యలో చర్మం నలిగిపోద్ది, అంచులు పగిలి పెచ్చులు కళ్లలోకి ఎగురుతాయి, కళ్లద్దాలు పెట్టుకుని చేయండి. నియోడిమియానికి డ్రిల్లు పెట్టడం అసలే వద్దు, పగిలిపోతుంది, ఆ పొడికి నిప్పు కూడా అంటుకుంటుంది. వీటి రెండో బలహీనత పూత. నికెల్ పూత ఎక్కడైనా చితికిందంటే లోపలికి తేమ దిగి పొడిపొడిగా రాలిపోతాయి, ట్రాక్టర్ మీద దుమ్మూ తడీ రెండూ ఉంటాయి కాబట్టి ఇది ఊరికే చెప్పే జాగ్రత్త కాదు. మూడోది వేడి. మామూలు గ్రేడు నియోడిమియం 80 డిగ్రీలు దాటితే బలం పోగొట్టుకుంటుంది, చల్లారినా పోయింది పూర్తిగా తిరిగి రాదు. అందుకే బానెట్ మీద, సైలెన్సర్ పక్కన పెట్టొద్దు. 5కి మూడున్నర.

నాకు బాగా నచ్చింది రబ్బరు తొడుగు ఉన్న పాట్ మాగ్నెట్లు. ఇనప ప్లేటు మీద నాలుగైదు చిన్న నియోడిమియం బిళ్లలు, పైన పల్చటి రబ్బరు, మధ్యలో బోల్టు మర. వాహనాల మీద లైట్లు బిగించడానికి వాడతారు. రబ్బరు వల్ల ఎదురు లాగుడు బలం కాస్త తగ్గుతుంది నిజమే, కానీ జారడం దగ్గరకొచ్చేసరికి ఇది టైరు రోడ్డుని పట్టినట్టు పట్టేస్తుంది. ఉత్త మాగ్నెట్ రెండింతల బలం ఉన్నా రబ్బరు ముఖం దానితో పోటీకి రాగలదు, అందుకే కిలోల అంకె చూసి కొనొద్దని మొత్తుకునేది. రోటవేటర్ వేసి వాడినా హోల్డర్ పెట్టినచోటే ఉంది, పెయింట్ మీద గీత కూడా పడలేదు. నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గించానంటే ఎండకి ఎండీ ఎండీ రబ్బరు గట్టిపడుతుంది, మట్టి పట్టిందంటే నున్నబడి పట్టు తగ్గుతుంది, అప్పుడప్పుడు తడిగుడ్డతో తుడవాలి.

ఇవి దొరక్కపోతే పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి ఉత్త మాగ్నెట్ ముఖానికి అంటించండి, అదే పని చాలావరకు చేస్తుంది, పల్చటి ట్యూబే తీసుకోండి, దళసరిది వేస్తే మళ్లీ ఆ సందు గొడవే.

బిగింపులో మూడు మాటలు. ఒకటి, ఒకే పెద్ద మాగ్నెట్ బదులు చిన్నవి నాలుగు వేయండి, ఒంపు రేకు మీద ఒక్కోటి దాని చోట అది ఆనుతుంది. రెండు, పై జతనీ కింద జతనీ వీలైనంత దూరంగా పెట్టండి, ఎందుకంటే బాటిల్ బరువు రేకు నుంచి నాలుగైదు సెంటీమీటర్లు బయటికి ఉంటుంది, అది హోల్డర్‌ని పైనుంచి ఊడబెరకాలని చూస్తుంది, రెండు జతల మధ్య దూరం పెరిగేకొద్దీ పై మాగ్నెట్ మీద ఆ గుంజుడు తగ్గుతుంది. మూడు, జిగురు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ జిగురు మంచిదే, కానీ నికెల్ నునుపు మీద, వేడిలో, డీజిల్ ఇంజన్ వణుకులో ఏదో ఒకరోజు కప్పు చేతిలోకొచ్చి మాగ్నెట్ మడ్‌గార్డ్‌కే ఉండిపోద్ది. బోల్టు వేయండి, దానికి నైలాన్ ఉన్న లాక్ నట్టు వేయండి, మామూలు నట్టు వణుకుకి వదులైపోద్ది.

ఎక్కడ తగిలించాలి అన్నది హోల్డర్ అంత ముఖ్యం. సీటు పక్కన మడ్‌గార్డ్ లోపలివైపు నాకు నచ్చిన చోటు, చెయ్యి చాపితే అందుతుంది, హైడ్రాలిక్ లివర్‌కి అడ్డం రాకుండా చూసుకోవాలి. క్యాబిన్ ఉన్న బండి అయితే లోపలంతా ప్లాస్టిక్ తొడుగులే కాబట్టి ఉక్కు స్తంభం ఎక్కడ బయటికి కనిపిస్తుందో వెతుక్కోండి. క్లచ్, బ్రేకు పెడల్స్‌కి నేరుగా పైన మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పెట్టొద్దు, ఊడి పడిన బాటిల్ దొర్లుకుంటూ బ్రేకు పెడల్ కిందకి పోయి ఇరుక్కుంటే అడ్డంపడి తొక్కినా బ్రేకు పడదు. జీపీఎస్ డిస్‌ప్లే గానీ ఫోన్ స్టాండు గానీ ఉంటే వాటికి మూరెడు దూరంలో పెట్టండి, దిక్సూచి సెన్సార్లు తికమక పడతాయి. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ మాగ్నెట్లని ఛాతీ దగ్గరికి తీసుకురాకూడదు. ఇంట్లో పిల్లలుంటే విడి బిళ్లలు వాళ్ల చేతికి అందనీయొద్దు, రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుని పేగుకి చిల్లు పెట్టేస్తాయి, ఇది నిజంగా జరిగేదే.

పెయింట్ పోతుందేమోనని అడిగేవాళ్లకి, పెయింట్‌ని గీసేది మాగ్నెట్ కాదు, దాని ముఖానికి పట్టుకున్న ఇనప రజను. వర్క్‌షాప్‌లో గ్రైండింగ్ చేసినచోట పెట్టి తీస్తే మీసాల్లా పట్టుకొస్తుంది. ప్లాస్టర్ టేపు అంటించి పీకితే వచ్చేస్తుంది.

స్టీలు బాటిల్‌ని కప్పు లేకుండా నేరుగా మాగ్నెట్‌కే అంటిద్దాం అనే ఐడియా కూడా చూశా, అది కుదరదు, నీళ్ల బాటిళ్లకి ఎక్కువగా వాడే 304 అనే రకం స్టెయిన్‌లెస్‌ని మాగ్నెట్ పట్టించుకోదు. మడ్‌గార్డ్ ఫైబర్‌దో ప్లాస్టిక్‌దో అయినవాళ్లకీ అదే కష్టం, వాళ్లు ముందు ఒక 3 మిల్లీమీటర్ల ఇనప ప్లేటుని బోల్టులతో బిగించి దాని మీద హోల్డర్ పెట్టుకోవచ్చు, కానీ అన్ని బోల్టులు ఎలాగూ వేస్తున్నప్పుడు ఆ పైపు ముక్కనే నేరుగా బిగించేసుకుంటే పోయె కదా.