డిగ్రీ ‘ప్రాజెక్టు ప్యాకేజీ’: బైండింగ్ బాగుంది, లోపల సరుకు లేదు

అమలాపురంలో కాలేజీల చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో ఇప్పుడు ‘ప్రాజెక్టు ప్యాకేజీ’ అని ఒకటి నడుస్తోంది. టాపిక్, పేరు, రోల్ నంబరు కాగితం మీద రాసిస్తే చాలు, మ్యాటర్ వాళ్ళే తెచ్చి, టైప్ చేసి, ఫొటోలు పెట్టి, కలర్ కవరుతో బైండు చేసి చేతిలో పెడతారు. మా మేనకోడలు బీఏ చదువుతోంది. జాతీయ చరిత్రలో ఒక మలుపు తీసుకుని పరిశోధన వ్యాసం రాయమన్నారట, తను 1905 బెంగాల్ విభజన, దాని వెంట వచ్చిన వందేమాతరం ఉద్యమం ఎంచుకుంది. క్లాసులో సగంమంది ఇచ్చిన షాపులోనే తనూ 1,200కి మాట్లాడుకుని, సగం అడ్వాన్సు కట్టేసి, ప్రూఫ్ వచ్చాక ‘మావయ్యా, ఒకసారి చూసి పెట్టవా’ అని నాకు వాట్సాప్ చేసింది. నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను కాబట్టి ఇలాంటివి నా నెత్తినే పడతాయి. షాపు పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది ఆ ఒక్క షాపు గొడవ కాదు, రావులపాలెం వెళ్ళినా కాకినాడ వెళ్ళినా ఇదే సరుకు దొరుకుతుంది.

ముందు మంచి చెప్తాను. పని చకచకా చేస్తారు. ఓనరు మర్యాదస్తుడు, ఏది అడిగినా ‘ఆయ్, చేసేద్దామండి’ అనడమే తప్ప విసుక్కోవడం చూడలేదు. కాగితం మంచిది వేశాడు, అంచులు సరిగ్గా కోశాడు, హార్డ్ బైండింగ్ గట్టిగా ఉంది, పేజీలు ఊడి చేతికి రావు. పిల్లలు ఎవరైనా డబ్బులు తక్కువున్నాయంటే తర్వాత ఇవ్వమంటాడు. ఇవన్నీ లెక్కలోకి తీసుకునే మిగతాది రాస్తున్నాను.

కవరు మీద దండియాత్రలో కర్ర పట్టుకుని నడుస్తున్న గాంధీగారి ఫొటో ఉంది. 1905లో గాంధీగారు దక్షిణాఫ్రికాలో ఉన్నారు, దండికి నడిచింది 1930లో. సరే, కవరే కదా అని లోపలికి వెళ్ళాను. సర్టిఫికెట్, డిక్లరేషన్, కృతజ్ఞతలు, విషయసూచిక అంటూ పేజీలకి పేజీలు అయిపోయాక అసలు మ్యాటర్ మొదలైంది, అందులో ఒకచోట పేజీ పైన వేరే ఊరి కాలేజీ పేరు అలాగే ఉండిపోయింది. అంటే నిరుడు ఎవరికో అమ్మిందే దుమ్ము దులిపి మళ్ళీ అమ్మారు. తర్వాత ‘1911లో కర్జన్ విభజనను రద్దు చేశాడు’ అని ఒక వాక్యం. విభజన చేసిన వైస్రాయి కర్జన్ 1905 నవంబరులోనే పదవి దిగి వెళ్ళిపోయాడు. రద్దు సంగతి 1911 డిసెంబరులో ఢిల్లీ దర్బారులో ఐదో జార్జి చక్రవర్తి ప్రకటించాడు, రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తామన్నదీ అక్కడే, అప్పటి వైస్రాయి హార్డింజ్. చివర్లో ఇచ్చిన పుస్తకాల పట్టిక ఇంకా ఘోరం. గంభీరమైన పేర్లు, గంభీరమైన ప్రచురణకర్తలు, వెతికితే సగానికి పైగా ఎక్కడా లేవు. ఇవి ఎక్కడివి బాబూ అని అడిగితే, టైప్ చేసే కుర్రాడు ‘ఏఐలో కొట్టామండి, అదే ఇచ్చింది’ అన్నాడు, పాపం ఏమీ దాచుకోకుండా.

ఇవన్నీ దిద్దుకోగలిగినవే. ఎర్రపెన్ను పట్టుకుని కూర్చుంటే పోతాయి. పోనిది ఏమిటంటే, ఈ వ్యాసంలో ‘మహత్తర మలుపు’, ‘కీలక మలుపు’ అని పేజీకోసారి ఉంది గానీ, ఎటు పోతున్నది ఎటు తిరిగిందో ఒక్క చోట కూడా లేదు. మలుపు అన్నాక ముందు ఏముందో, తర్వాత ఏం మారిందో, అది ఈ సంఘటన వల్లే మారిందని ఎలా చెప్తున్నామో చూపించాలి కదా! 1905 అక్టోబరు 16న విభజన అమల్లోకి వచ్చింది, జనం విదేశీ బట్టలు తగలబెట్టారు, ఠాగూరు రాఖీలు కట్టించాడు, లాల్ బాల్ పాల్ (లజపతిరాయ్, తిలక్, బిపిన్ చంద్రపాల్), అయిపోయింది. ఇది జరిగిన విషయం చెప్పడమే. ఆ మాత్రం పదో తరగతి పుస్తకంలోనూ ఉంటుంది, దానికి 1,200 ఎందుకు?

అదే కొంచెం గుచ్చి అడిగితే ఎంత సరుకుందో చూడండి. బెంగాల్ రాష్ట్రం మరీ పెద్దది, దాదాపు 8 కోట్ల జనం, పాలించడం కష్టం అని ప్రభుత్వం చెప్పిన కారణం. హోం శాఖ కార్యదర్శి రిస్లీ మాత్రం 1904 నాటి తన నోట్‌లో కలిసి ఉన్న బెంగాల్ ఒక శక్తి అనీ, విడదీస్తే అది తలోదిక్కుకీ లాగుతుందనీ రాసుకున్నాడు. పైకి చెప్పిన కారణం ఒకటి, ఫైల్లో రాసుకున్నది ఇంకొకటి. ఈ రెండూ పక్కపక్కన పెట్టడమే పరిశోధన వ్యాసానికి మొదటి మెట్టు, ప్యాకేజీలో రిస్లీ పేరే లేదు. విభజనకి ముందు కాంగ్రెస్ అంటే ఏడాదికోసారి సభ, తీర్మానం, వినతిపత్రం. 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్‌హాల్ సభలో బహిష్కరణ తీర్మానం చేశాక అడగడం పోయి మానేయడం వచ్చింది. ఇంగ్లీషువాళ్ళ బట్ట మానేయడం, వాళ్ళ బడి మానేయడం. తిరిగింది అక్కడ.

నాకు ఎక్కువ ఒళ్ళు మండింది మాత్రం వేరే దానికి. గోదావరి ఒడ్డున కూర్చుని వందేమాతరం ఉద్యమం మీద అన్నేసి పేజీలు అచ్చేసి, అందులో రాజమండ్రి అన్న మాట ఒక్కటంటే ఒక్కటి లేదు. బిపిన్ చంద్రపాల్ 1907 ఏప్రిల్‌లో ఇక్కడికి వచ్చాడు. పత్రికారచయిత ముట్నూరి కృష్ణారావుగారు వెంట ఉండి తిప్పారు, రాజమండ్రి సభల్లో పాల్ ఇంగ్లీషు ఉపన్యాసాలని రచయిత చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు తెలుగు చేశారు. అది విని ఆర్ట్స్ కాలేజీ కుర్రాళ్ళు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసుకి వెళ్తే ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ సస్పెండ్ చేశాడు. ట్రైనింగ్ కాలేజీలో చదువుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావుని ఏకంగా బహిష్కరించారు, తర్వాత 1908లో పత్రికలో రాసిన రాతకి ఆయన జైలుకే వెళ్ళాడు. అదే 1907 మే నెలాఖరున కాకినాడలో వందేమాతరం అన్నాడని ఒక కుర్రాణ్ణి కెప్టెన్ కెంప్ అనే తెల్ల వైద్యాధికారి చావబాదితే, ఆ రాత్రి జనం వెళ్ళి దొరల క్లబ్బు మీద పడ్డారు. అంటే కలకత్తాలో గీసిన గీతకి కాకినాడలో క్లబ్బు అద్దాలు పగిలాయన్నమాట. మలుపు దేశం మొత్తానిది అనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి, అదీ మన బస్సు టికెట్ దూరంలో?

నేను చెప్పింది విని మా పిల్ల మొదట మొహం మాడ్చుకుంది, సబ్మిషన్ దగ్గరపడిందని టెన్షన్. అయినా రావులపాలెం మీదుగా బస్సెక్కించి రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి తీసుకెళ్ళాను. వసురాయ, రత్నకవి గ్రంథాలయాలు కలిసి గౌతమి అయిన పాత లైబ్రరీ అది, తాళపత్రాలు కూడా ఉన్నాయి. దీన్ని కూడా రివ్యూ చేయాలంటే, ప్యాకేజీకి సరిగ్గా వ్యతిరేకం. త్వరగా ఏదీ కాదు. ఏం కావాలో మనకే తెలియకపోతే వాళ్ళు మాత్రం ఏం తీసిస్తారు? ‘స్వాతంత్ర్యోద్యమం మీద ఏదైనా’ అని అడగకండి, ‘1907, రాజమండ్రి, పాల్ పర్యటన’ అని అడగండి, తేడా మీకే తెలుస్తుంది. పాత కాగితం చేతిలో పొడి అయిపోతూ ఉంటుంది, మెల్లగా తిప్పాలి. చిలకమర్తివారు తర్వాత స్వీయచరిత్ర రాసుకున్నారు కాబట్టి ఆ సభల్లో నిలబడి మాట్లాడిన మనిషి మాటే దొరుకుతుంది. కాకపోతే అది దశాబ్దాలు గడిచాక రాసింది. జ్ఞాపకం మీద రాసినదాన్ని ఎంతవరకు నమ్మాలి, దేనితో సరిచూడాలి అన్న ప్రశ్న అక్కడే పుట్టింది, పుట్టించింది నేను కాదు, మా పిల్లే. ‘మావయ్యా, ఈయన ఇష్టపడ్డ మనిషి గురించి రాస్తున్నాడు కదా, గొప్పగానే రాస్తాడుగా’ అంది.

అక్కణ్ణుంచి వ్యాసం తన చేతిలోకి వచ్చేసింది. నిజానికి తను నా మాట పూర్తిగా ఒప్పుకోలేదు కూడా. 1907 మలుపే గానీ ఎవరికి అని పట్టుకుంది. బ్యాడ్జీలు పెట్టుకున్నది కాలేజీ కుర్రాళ్ళు, ఉపన్యాసాలు ఏర్పాటు చేసింది ప్లీడర్లు, పత్రికలవాళ్ళు, పొలంలో ఉన్నవాడు ఎక్కడున్నాడు అని. పాల్ 1907లోనే జైలుకి వెళ్ళాడు, ఆ డిసెంబరులో సూరత్‌లో కాంగ్రెస్ చీలింది, 1908లో తిలక్‌ని బర్మాలోని మాండలే జైలుకి పంపేశారు, ఇక్కడా వేడి చల్లారింది. పల్లెలు కదిలింది సహాయ నిరాకరణ రోజుల్లో కదా అని తన వాదన. మరి ఇక్కడ చదువుకున్న వర్గం ముందే ఎలా తయారైంది అంటే, 1847లో మొదలుపెట్టి 1852కి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక డెల్టాలో పంట, పంటతో డబ్బు, డబ్బుతో చదువు వచ్చాయనీ, 1881లో వీరేశలింగంగారు వితంతు వివాహం చేయించిన రాజమండ్రికి ఊరేగింపులూ గొడవలూ కొత్త కాదనీ రాసింది. ఆనకట్ట నుంచి బ్యాడ్జీల దాకా నేరుగా గీత గీసేయడం కొంచెం దూకుడే అనిపించింది నాకు, చెప్పాను, వినలేదు. పోనీ, వాదించడానికి ఏదో ఒకటి ఉంది కదా అందులో. ప్యాకేజీలో వాదించడానికి కూడా ఏమీ లేదు.

ఆ మ్యాటర్ పట్టుకుని మళ్ళీ అదే షాపుకి వెళ్ళాం. ఓనరు ఏమీ అనుకోలేదు, మ్యాటర్ మీదైతే నాకు ఇంకా సుఖమండి అని, అడ్వాన్సు టైపింగు, బైండింగు కింద జమ చేసుకుని మిగతాది తగ్గించి తీసుకున్నాడు. ఈ విషయంలో ఆయనకి పూర్తి మార్కులు. చిక్కు వచ్చింది ఫాంటు దగ్గర. మా పిల్ల ఫోన్లో యూనికోడ్‌లో కొట్టింది, షాపులో ఇంకా పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్, యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు. మార్చేటప్పుడు ఒత్తులు ఎక్కడివక్కడ లేచిపోయాయి, ‘రాష్ట్రం’, ‘స్వాతంత్ర్యం’ లాంటివి అసలు చదవడానికే రాలేదు. కాబట్టి మీరు ఇచ్చేది వర్డ్ ఫైలా, పీడీఎఫ్‌ఆ అన్నది ముందే మాట్లాడుకోండి. పీడీఎఫ్ ఇచ్చి నేరుగా ప్రింటు తీయమంటే ఏ బాధా లేదు. ప్రూఫ్ స్క్రీన్ మీద కాదు, కాగితం మీద తీయించుకుని చూడండి, ముఖ్యంగా అంకెలు, ఎందుకంటే ఒక పేజీలో 1907 కాస్తా 1970 అయి కూర్చుంది.

మార్కులు అడిగితే: టైపింగు, బైండింగు, మర్యాద కలిపి ఐదుకి నాలుగు, ఆ ఒకటి ఫాంటుకి తీసేశాను. రెడీమేడ్ మ్యాటర్‌కి సున్నా వేద్దామనుకున్నాను, పేజీ నంబర్లు సరిగ్గా ఉన్నాయి కాబట్టి ఒకటి. సబ్మిషన్ల సీజన్లో సాయంత్రాలు ఆ షాపులో నిలబడ్డానికి చోటుండదు, పొద్దున్నే షట్టరు తీసేసరికి వెళ్తే గంటలో పని అయిపోతుంది. కవరు మీద బంగారు అక్షరాలు కావాలా అని అడుగుతాడు, దానికి 150 విడిగా వేస్తాడు, అక్కర్లేదని చెప్పండి.