తొంభై రూపాయల రాష్ట్రపతుల చార్టు: అతుకు నేనే వేసుకున్నాను

మా మనవరాలిది ఆరో తరగతి. రాష్ట్రపతుల పేర్లు వరసగా రాసుకు రమ్మన్నారట. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పినదాన్ని, ఆ పేర్లు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ పిల్లకు నా నోటి మీద నమ్మకం లేదు, బొమ్మ ఉండాలి. రాజోలు వెళ్లినప్పుడు ఒక పుస్తకాల దుకాణంలో ఈ చార్టు కొన్నాను. తొంభై రూపాయలు. బేరం ఆడితే ఒక పెన్సిలు చేతిలో పెట్టాడు గానీ ధర తగ్గించలేదు.

వరసకు అయిదుగురు చొప్పున మూడు వరసలు, రాజేంద్రప్రసాద్‌గారి నుంచి ద్రౌపదీ ముర్ముగారి వరకు పదిహేనుమంది. అక్షరాలు పెద్దవి, వసారాలో కుర్చీలో కూర్చుని కళ్లజోడు లేకుండా చదవగలిగాను. రంగులు మాత్రం అధ్వాన్నం. రాధాకృష్ణన్‌గారి తెల్లని తలపాగా పసుపు నీళ్లలో ముంచి తీసినట్టుంది, జైల్‌సింగ్‌గారి తలపాగాకూ అదే రంగు. నాలుగు రోజుల ముసురుకే కింది మూల లామినేషన్ లేచింది. గోదావరి గాలికి లేవని లామినేషన్ నేనింతవరకు చూడలేదు కనుక దానికి మార్కులు తగ్గించను.

మార్కులు తగ్గించేది తేదీల దగ్గర. మనవరాలు స్కేలు పెట్టి ఒక్కో బొమ్మ కింద చదువుకుంటూ వచ్చి మూడో బొమ్మ దగ్గర ఆగింది. "అమ్మమ్మా, జాకిర్ హుస్సేన్‌గారిది 1969 మే 3న అయిపోయింది. గిరిగారిది ఆగస్టు 24న మొదలైంది. మధ్యలో దేశానికి రాష్ట్రపతి లేరా?"

లేకేం! ఆ మూడు నెలల ఇరవై రోజుల్లో జరిగినంత చరిత్ర కొందరి నిండు అయిదేళ్లలో జరగలేదు. జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూస్తే ఉపరాష్ట్రపతిగా ఉన్న వి.వి.గిరి ఆ బాధ్యత చేపట్టారు. జులై 19న 14 బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సు మీద సంతకం పెట్టి, మర్నాడే రాజీనామా ఇచ్చి, స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డారు. ఇక రాష్ట్రపతి లేరు, ఉపరాష్ట్రపతీ లేరు. అలాంటి రోజు వస్తే ఏం చేయాలో నిర్ణయించుకొమ్మని రాజ్యాంగం 70వ అధికరణం పార్లమెంటుకే వదిలిపెట్టింది. పార్లమెంటు ఆ చట్టం చేసింది ఎప్పుడనుకున్నారు? సరిగ్గా ఆ మే నెలలోనే. దాని ప్రకారం సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా 35 రోజులు రాష్ట్రపతిగా పనిచేశారు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఢిల్లీ వచ్చినప్పుడు ఆతిథ్యం ఇచ్చింది ఆయనే. ఆ పెద్దమనిషి చార్టులో ఏ మూలా లేడు.

ఇక ఎన్నిక. కాంగ్రెస్ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, ఎదురుగా గిరి. ఇద్దరూ తెలుగువాళ్లే. ప్రధాని ఇందిరాగాంధీ సొంత పార్టీ అభ్యర్థికే వేయండని చెప్పకుండా, అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటేయమన్నారు. ఈ ఎన్నికలో అభ్యర్థుల పేర్ల పక్కన 1, 2 అని ఇష్టం వరసలో అంకెలు వేస్తారు. మొదటి ప్రాధాన్య ఓట్లలో ఎవరికీ సగం దాటలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కించాక గిరి గెలిచారు. నాకప్పుడు పదేళ్లు. మా నాన్న గిరి పక్షం, పెదనాన్న రెడ్డి పక్షం, మధ్యలో రేడియో. ఓటేసేది ఎంపీలు, ఎమ్మెల్యేలే, వీళ్లిద్దరికీ ఓటు లేదు, అయినా వారం రోజులు మాటల్లేవు. బ్యాంకుల మాట వచ్చినా అదే తగవు. నిజానికి వాళ్ల డబ్బంతా ఆంధ్రా బ్యాంకులో ఉండేది, ఆ పద్నాలుగింటిలో అది లేనే లేదు. దాన్ని 1980లో జాతీయం చేశారు, అప్పటికి రాష్ట్రపతి సంజీవరెడ్డిగారే! పెదనాన్న ఆ విషయం మా నాన్నకు ఎన్నిసార్లు గుర్తుచేశాడో లెక్కలేదు.

అలాంటి ఖాళీ ఇంకొకటి ఉంది. ఫకృద్దీన్ అలీ అహ్మద్ 1977 ఫిబ్రవరి 11న పోయారు, సంజీవరెడ్డి జులై 25న వచ్చారు. ఆ మధ్య రాష్ట్రపతి బాధ్యత చూసింది ఉపరాష్ట్రపతి బి.డి.జత్తి. అత్యవసర పరిస్థితి ఎత్తేసింది ఆ రోజుల్లోనే, మొరార్జీ దేశాయ్ చేత ప్రధానిగా ప్రమాణం చేయించింది ఆ జత్తిగారే. ఆయన బొమ్మా లేదు. ఎన్నికైన పదిహేనుమందినే వేస్తామంటే వేయండి, కాదనను. అడుగున ఒక్క గీత గీసి తాత్కాలికంగా చేసిన ముగ్గురి పేర్లూ రాయడానికి చోటు లేదా? అక్కడ తామరపువ్వు బొమ్మ వేశారు.

తామరపువ్వు పక్కన ఎన్నిక విధానం చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. నామినేటెడ్ సభ్యులకు, అంటే ఎన్నిక కాకుండా నియమితులైనవాళ్లకు, ఓటు లేదని సరిగ్గానే రాశారు, మెచ్చుకోవాలి. ఎమ్మెల్యే ఓటుకు విలువ ఉంటుందని చెప్పి, ఎంతో చెప్పకుండా వదిలేశారు. మా పిల్లతో లెక్క చేయించాను. 1971 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌కు సుమారు 2 కోట్ల 78 లక్షలు. దాన్ని 175 మంది ఎమ్మెల్యేలతో భాగించి, మళ్లీ వెయ్యితో భాగిస్తే 159. ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యేకు 208, సిక్కిం ఎమ్మెల్యేకు 7. "పాపం సిక్కిం" అంది.

కార్బన్ పెట్టి ఒక చీటీ రాశాను: గిరి, హిదయతుల్లా, జత్తి, వారి తేదీలు. లామినేషన్ మీద మైదా జిగురు నిలవలేదు, ఫెవికాల్ నిలవలేదు, చివరికి దెబ్బలకు వేసే ప్లాస్టరు నిలిచింది. సరిగ్గా తామరపువ్వు మీద అంటించాను.

రెండో చీటీ పట్టుకుని దుకాణానికి వెళ్లాను, మార్చి ఇస్తాడేమోనని. "అన్నీ ఒకటే అచ్చండి, టీచరుగారూ" అన్నాడు. చీటీ తీసుకుని మొత్తం చదివాడు. జత్తి పేరు తానెప్పుడూ వినలేదన్నాడు. కాసేపాగి, దాన్ని జిరాక్స్ తీయించి ఒక్కో చార్టుతో ఒక్కోటి ఇస్తానన్నాడు.

మొన్న మా పక్కింటివాళ్లు అదే చార్టు తెచ్చుకున్నారు. చీటీ ఉంది, నా చేతిరాతే. చార్టు ధర తొంభై రెండు అయింది.