నక్క తోక తొక్కిన రాత్రి: ట్రోమ్సోలో మూడు, అబిస్కోలో నాలుగు

ముందే చెప్పేస్తున్నాను. ధ్రువ కాంతులు, అదే నార్తర్న్ లైట్స్ లేదా అరోరా, చూడాలని బయల్దేరేవాళ్లు డబ్బు గది మీద పెట్టొద్దు, రాత్రుల మీద పెట్టండి. గాజు కప్పు ఉన్న గదిలో ఒక్క రాత్రి ఉండే ఖర్చుతో మామూలు గదిలో మూడు నాలుగు రాత్రులు ఉండొచ్చు. ఆకాశానికి మబ్బు పట్టిందంటే గాజు కప్పులోంచి కనిపించేది ఆ మబ్బే. ఈ మార్చి మొదట్లో నేనూ, నాన్నా, స్టాక్‌హోమ్‌లో ఉద్యోగం చేస్తున్న అక్కా కలిసి నార్వేలోని ట్రోమ్సోలో మూడు రాత్రులు, స్వీడన్‌లోని అబిస్కోలో నాలుగు రాత్రులు ఉండి వచ్చాం. ఏడు రాత్రుల్లో నాలుగు సార్లు కనిపించింది, అందులో ఒక్కసారి మాత్రం జన్మంతా గుర్తుండేలా కనిపించింది.

నాన్న ఒంగోలులో ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. ఈ ప్రయాణం అసలు ఆయన కోసమే. 2024 మే నెలలో పెద్ద సౌర తుఫాను వచ్చినప్పుడు లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రగా వెలిగిన ఫొటోలు పేపర్లో పడ్డాయి. ఆ రోజు పొద్దున్నే నాకు ఫోన్ చేసి "చిన్నీ, మన దేశంలోంచే కనిపించిందమ్మా, చూశావా" అన్నారు. ఆ గొంతు విన్నాక ఇక వాయిదా వెయ్యబుద్ధి కాలేదు.

ఎక్కడికి వెళ్లాలన్న దాని మీద అక్కకీ నాకూ పెద్ద చర్చే జరిగింది. అందరూ చెప్పేది ఫిన్లాండ్‌లోని రోవనియెమి. శాంటా ఊరు, గాజు ఇగ్లూలు, పిల్లలతో వెళ్లేవాళ్లకి బాగుంటుంది, కాదనను. కానీ అది సరిగ్గా ఆర్కిటిక్ వలయం దగ్గర, అంటే 66.5 డిగ్రీల దగ్గర ఉంది. ఈ కాంతులు అయస్కాంత ధ్రువం చుట్టూ వేసిన ఉంగరం లాంటి పట్టీలో ఎక్కువగా కనిపిస్తాయి, ఆ పట్టీ మామూలు రాత్రుల్లో ఇంకా ఉత్తరాన ఉంటుంది. ట్రోమ్సో 69.6 డిగ్రీలు, అబిస్కో 68.3, రెండూ ఆ పట్టీ కిందికే వస్తాయి. ఫిన్లాండే వెళ్లాలనుకుంటే ఇంకా ఉత్తరాన ఉన్న ఇనారి వైపుకి వెళ్లండి, నా మాట విని.

ట్రోమ్సో అందమైన ఊరు. సముద్రం, వంతెన, దాని అవతల తెల్లటి త్రికోణాల ఆర్కిటిక్ చర్చి, కేబుల్ కార్ ఎక్కితే 421 మీటర్ల ఎత్తునుంచి మొత్తం ద్వీపం కాళ్ల కింద పరుచుకుని ఉంటుంది. వెచ్చటి సముద్ర ప్రవాహం వల్ల అంత ఉత్తరాన ఉన్నా చలి మరీ చంపేసేలా ఉండదు, మేమున్నప్పుడు మైనస్ నాలుగు, మైనస్ ఆరు. కానీ ఆ సముద్రమే మబ్బుల్ని కూడా తెస్తుంది. మొదటి రాత్రి పూర్తిగా మంచు, గదిలోంచి కదల్లేదు. మేము తీసుకున్న గదికి "అరోరా వ్యూ" అని చెప్పి రాత్రికి కొంచెం ఎక్కువే వసూలు చేశారు, తీరా చూస్తే కిటికీ ఎదురుగా వీధి దీపం. ఆ మాట చూసి గది ఎంచుకోకండి, కిటికీ ఏ దిక్కుకి ఉంది, ఎదురుగా ఏముంది అని మెయిల్ పెట్టి అడగండి.

రెండో రాత్రి పెద్ద బస్సు టూర్. యాభై మందికి ఒక గైడ్, ఒకటే చోటుకి తీసుకెళ్లి ఆపారు, అక్కడా మబ్బే, రెండు గంటలు నిలబెట్టి వెనక్కి తెచ్చారు. నాన్న ఏమీ అనలేదు గానీ నాకే ప్రాణం ఉసూరుమంది. మూడో రాత్రి ఎనిమిది మంది పట్టే వ్యాన్ తీసుకున్నాం, మనిషికి దాదాపు 1,500 క్రోనర్లు, అంటే మన డబ్బుల్లో పన్నెండు వేల పైమాట. ఖరీదే, కానీ ఆ తేడా కళ్లకి కనిపించింది. గైడ్ కుర్రాడు బండి కదిలించే ముందే ఫోన్‌లో మబ్బుల మ్యాప్ పెట్టుకుని స్కిబోట్న్ లోయ వైపు వెళ్దాం అన్నాడు, అక్కడ కొండలు అడ్డుకుని మబ్బులు విడిపోతాయట. చలికి ఒంటి నిండా కప్పే సూట్లు, బూట్లు వాళ్లే ఇచ్చారు. రాత్రి పదకొండున్నరకి ఫిన్లాండ్ సరిహద్దు దాకా వెళ్లి ఆగాం.

అక్కడ మొదటిసారి చూశాం, నిజం చెప్పాలంటే చూసినట్టు తెలియలేదు. కొండ మీదుగా ఒక బూడిద రంగు చార, పలచటి మబ్బు ముక్కలాగా. అక్క ఫోన్ మూడు సెకన్లు కదలకుండా పట్టుకుని తీస్తే ఫొటోలో ఆకుపచ్చగా వచ్చింది. మసక వెలుతురులో మన కంటిలో పనిచేసే కణాలు రంగులు పట్టలేవు, వెలుగు బలంగా ఉంటేనే రంగు తెలుస్తుంది. ఫొటోలు చూసి వెళ్లేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి, లేకపోతే మా వ్యాన్‌లో ఇద్దరు "ఇంతేనా" అన్నట్టే అంటారు.

గైడ్ చూస్తున్న యాప్‌లో కేపీ అని, భూమి అయస్కాంత క్షేత్రంలో అలజడి ఎంతుందో చెప్పే 0 నుంచి 9 దాకా ఒక సంఖ్య ఉంటుంది, అందరూ దాని వెంటే పడతారు. నాన్న అడిగింది వేరే: బీజెడ్ ఎంత అని. సూర్యుడి నుంచి వచ్చే గాలిలో ఒక అయస్కాంత క్షేత్రం కలిసి వస్తుంది, అది ఉత్తరానికి తిరిగిందా దక్షిణానికి తిరిగిందా అని చెప్పేదే బీజెడ్, దక్షిణ దిక్కుకి తిరిగి ఉంటేనే భూమి క్షేత్రం తలుపు తెరుచుకుంటుంది. గైడ్ ఆశ్చర్యపోయి ఫోన్ నాన్న చేతికే ఇచ్చేశాడు. ఆ లెక్కలు భూమికి పదిహేను లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపు ఎల్1 అనే చోట కాపలా ఉన్న ఉపగ్రహాల నుంచి వస్తాయి. అక్కడ గాలి తగిలితే గంటలోపో, గంటకో ఇక్కడ తగులుతుంది. యాప్‌లో చూపించేవి అమెరికా ఉపగ్రహాలవి, కానీ మన ఆదిత్య-ఎల్1 కూడా ఉన్నది ఆ చోటే. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఎగిరి 2024 జనవరి 6న అక్కడికి చేరింది. మా ఒంగోలు నుంచి రైల్లో కొన్ని గంటల దూరంలో ఉన్న శ్రీహరికోట గురించి నార్వే మంచులో నిలబడి నాన్న ఆ కుర్రాడికి పావుగంట చెప్పారు.

మర్నాడు బస్సులో నార్విక్, నాలుగు గంటల పైనే పడుతుంది, ఫియర్డుల, అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల, పక్కనుంచి దారి మొత్తం చూడదగ్గదే, పగటి బస్సే ఎక్కండి. నార్విక్ నుంచి అబిస్కోకి రైలు. కిరునా గనుల నుంచి ఇనుప ఖనిజం సముద్రానికి తేవడానికి వందేళ్ల కిందట వేసిన లైను అది, కొండ అంచున పాక్కుంటూ ఎక్కుతుంది. సరిహద్దు దాటి అటువైపు దిగుతుంటే మబ్బులు మన వెనకే ఆగిపోవడం కిటికీలోంచి కనిపించింది. అబిస్కో గొప్పతనం అంతా ఇందులోనే ఉంది. అట్లాంటిక్ నుంచి వచ్చే తేమంతా పడమటి కొండల మీదే కురిసిపోతుంది, ఇవతల డెబ్భై కిలోమీటర్ల పొడవున్న టోర్నెట్రాస్క్ సరస్సు మీద ఆకాశం తరచుగా తెరిపిగా ఉంటుంది. అక్కడివాళ్లు దాన్ని నీలి రంధ్రం అంటారు. చలి మాత్రం మైనస్ పద్దెనిమిది.

నేషనల్ పార్కు పక్కనే టూరిస్టు స్టేషన్ అనే బసలో దిగాం. గది చిన్నది, మంచాలు పై అంతస్తు కింద అంతస్తు, నాన్నకి కిందది ఇచ్చాం. కానీ అందరూ వాడుకునే వంటగది ఉంది, శాకాహారులకి అది ఎంత పెద్ద వరమో ఆ దేశాల్లో నాలుగు రోజులు ఉంటే తెలుస్తుంది. అక్క పులిహోర గుజ్జు సీసాలో తెచ్చింది, నేను కంది పొడి, గోంగూర పచ్చడి. ఊళ్లో చిన్న దుకాణంలో బియ్యం, పెరుగు, బంగాళాదుంపలు దొరికాయి. అన్నిటికంటే ముఖ్యం, తలుపు తీసి ఐదు నిమిషాలు నడిస్తే దీపాల్లేని సరస్సు ఒడ్డు, టూర్ అక్కర్లేదు, వ్యాన్ అక్కర్లేదు. నూల్యా కొండ మీదికి కుర్చీ లిఫ్టులో వెళ్లి చూసే అరోరా స్కై స్టేషన్ కూడా ఉంది, నాన్న మోకాళ్ల వల్ల మేము వెళ్లలేదు, ఒడ్డున నిలబడ్డందుకు ఏ లోటూ అనిపించలేదు.

రెండో రోజు సాయంత్రం సామి అనే అక్కడి ఆదివాసుల గుడారానికి వెళ్లాం. లావ్వు అంటారు, నడుమ మంట, పైన పొగ పోయే సందు, కింద రెయిన్‌డీర్ తోళ్లు. రెయిన్‌డీర్లు మేపుకునే కుటుంబం వాళ్లది, అరవై దాటిన ఆవిడ మాకు కాఫీ పోసి ఈ వెలుగుని వాళ్ల భాషలో గువ్సహస్ అంటారని చెప్పారు. చిన్నప్పుడు అది ఆకాశంలో ఉన్నప్పుడు ఈల వెయ్యనిచ్చేవాళ్లు కాదట, చెయ్యి ఊపనిచ్చేవాళ్లు కాదట, అది చూసి కిందికి దిగి పట్టుకుపోతుందని. స్లెడ్జిల మీద వెళ్తుంటే గంటలు చప్పుడు కాకుండా కట్టేసేవాళ్లట. నేను వెంటనే, మా ఇంట్లో కూడా రాత్రి పూట ఈల వెయ్యనివ్వరు, పాములొస్తాయంటారు అని చెప్పాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది, "పాము కనీసం నేల మీద ఉంటుంది" అన్నారు. ఈ గుడారం సందర్శన ఖరీదు మా మొత్తం ప్రయాణంలో నేను అస్సలు బాధపడని ఖర్చు. వాళ్ల దుస్తులు వేసుకుని ఫొటోలు తీయించే చోట్లు కూడా ఉంటాయి, వాటికి కాకుండా సామి కుటుంబాలే సొంతంగా నడిపేవాటికి వెళ్లండి.

ఫిన్లాండ్ వాళ్ల కథ ఇంకోటి. వాళ్ల మాట రెవొన్‌తులెట్, అంటే నక్క మంటలు. ఉత్తరాన మంచు మీద పరుగెత్తే నక్క తోక విసిరితే రేగిన మంచు పైకెగిరి ఇలా వెలుగుతుందట. అక్క ఈ కథ చెప్పగానే నాన్న గట్టిగా నవ్వి "అయితే చూసినవాడు నక్క తోక తొక్కినట్టేగా" అన్నారు. తర్వాత సీరియస్‌గా ఒక మాట చెప్పారు, అది నాకు తెలియదు. కణాలు సూర్యుడి నుంచి తిన్నగా వచ్చి ధ్రువాల మీద పడతాయని చాలామంది అనుకుంటాం. అలా కాదట. సౌర గాలి తోసిన తోపుకి భూమి అయస్కాంత క్షేత్రం రాత్రి వైపు పొడవాటి తోకలా సాగుతుంది, శక్తంతా ఆ తోకలో కూడుతుంది, తీగలు తెగి మళ్లీ అతుక్కున్నట్టు ఆ క్షేత్రం సర్దుకున్నప్పుడు ఎలక్ట్రాన్లు మన వైపు దూసుకొచ్చి పైన గాలికి తగిలి వెలుగు పుట్టిస్తాయి. అంటే అక్కడా విసిరేది తోకే.

అబిస్కోలో మూడో రాత్రి, పదీ నలభై. సరస్సు గడ్డకట్టి తెల్లగా ఉంది. ఉత్తరాన ఒక పచ్చటి విల్లు గంట నుంచి కదలకుండా ఉంది. నాన్న తన కాలేజీ ల్యాబులోని పాత ఇత్తడి దిక్సూచి తెచ్చుకున్నారు, ఎందుకంటే 1741లో స్వీడన్‌లోని ఉప్సాలాలో సెల్సియస్, హియోర్టర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ కాంతి వచ్చినప్పుడల్లా అయస్కాంత సూది కదులుతోందని గమనించారు, అదే సమయానికి లండన్‌లో గ్రాహం అనే ఆయన చూస్తున్న సూది కూడా కదిలింది. చెక్క రెయిలింగ్ మీద దాన్ని పెట్టి, టార్చికి ఎర్ర కాగితం చుట్టి, వంగి చూస్తున్నారు. ఉన్నట్టుండి ఆ విల్లు అడుగు అంచు పదునెక్కింది. ఒకచోట ముడత పడింది, ఆ ముడత పడమటి నుంచి తూర్పుకి పరుగెత్తింది, తెర మొత్తం నిలువు పోగులుగా విడిపోయి మా నడినెత్తికి వచ్చేసింది. పచ్చదనం మంచు మీద పడి అక్క ముఖం పచ్చగా కనిపించింది. అడుగు అంచున గులాబీ రంగు ఒక్క అరక్షణం మెరిసి పోయేది, మళ్లీ ఇంకోచోట మెరిసేది. పైన ఎక్కడో చాలా ఎత్తున ముదురు ఎరుపు, అది మాత్రం కదలకుండా.

"పచ్చది ఆక్సిజన్, వంద కిలోమీటర్ల ఎత్తు దాటాక. 557.7 నానోమీటర్లు. ఎరుపు కూడా ఆక్సిజనే, కానీ రెండొందల పైన" అని నాన్న మెల్లగా చెబుతూనే ఉన్నారు. పచ్చ వెలుగు ఇవ్వడానికి ఆ పరమాణువుకి సెకను కూడా పట్టదు, ఎరుపు ఇవ్వాలంటే దాదాపు రెండు నిమిషాలు ఎవరూ తగలకుండా ఆగాలి, కింద గాలి చిక్కగా ఉండి ఆ తీరిక దొరకదు, అందుకే ఎరుపు పైనే. గులాబీ నైట్రోజన్‌ది. కాసేపటికి ఆయన చెప్పడం ఆగిపోయింది. దిక్సూచి రెయిలింగ్ మీదే ఉంది, ముగ్గురం ఒక్క మాట మాట్లాడలేదు. మాకు పాతిక అడుగుల దూరంలో ఎవరో కుర్రాళ్లు కేకలు వేసి ఈలలు వేశారు, నాకు గుండె ఝల్లుమంది, గుడారంలో సామి ఆవిడ చెప్పిందే గుర్తొచ్చింది.

చప్పుడు వస్తుందా అని చాలామంది అడుగుతున్నారు. మాకు వినిపించలేదు. కానీ ఫిన్లాండ్‌లో ఆల్టో విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ ఉంటో లైనే ఏళ్ల తరబడి రికార్డు చేసి, కొన్ని చిటపట శబ్దాలు నేలకి దాదాపు డెబ్భై మీటర్ల ఎత్తునుంచే వస్తున్నాయని 2012లో చెప్పారు. వెలుగుండేది వంద కిలోమీటర్ల పైన కదా, మరి శబ్దం ఇక్కడేమిటంటే, గాలి కదలని చలి రాత్రుల్లో కింద చల్లటి పొర, పైన వెచ్చటి పొర ఏర్పడి వాటి మధ్య విద్యుదావేశం పేరుకుంటుందని ఆయన వివరణ. తరతరాలుగా చప్పుడు విన్నామన్న పల్లె జనాన్ని ఎవరూ నమ్మలేదు, అది తలుచుకుంటే నాకు బాధనిపిస్తుంది.

సూది సంగతి: కదిలిందో లేదో మాకు తెలియలేదు. హియోర్టర్ వాడింది పొడవాటి సున్నితమైన సూది, వేల సార్లు రాసుకుని తేల్చిన విషయం, అరచేతి దిక్సూచికి అది దొరకదని నాన్నే చెప్పారు. అయినా మర్నాడు రాత్రి మళ్లీ తెచ్చి పెట్టారు.

కొన్ని పనికొచ్చే మాటలు. మూడు రాత్రులకి తక్కువగా వెళ్లొద్దు. ఫోన్ లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోండి, చలికి మా అక్క ఫోన్ నలభై శాతం నుంచి ఒక్కసారిగా ఆరిపోయింది. ట్రోమ్సోలో రోడ్లు గాజు పలకల్లా ఉంటాయి, బూట్ల కింద తగిలించే ముళ్ల పట్టీలు దిగగానే కొనుక్కోండి, పెద్దవాళ్లతో వెళ్తే తప్పదు. మాస్కులా మఫ్లర్ కట్టుకుంటే కళ్లజోడు మంచు పట్టేస్తుంది, నాన్న చివరికి కళ్లజోడు తీసేసి చూశారు. ట్రోమ్సోకి ఒక రాత్రి తగ్గించి అబిస్కోకి కలపమంటాను. ఊరు, మ్యూజియాలు, తినే చోట్లు కావాలంటే ట్రోమ్సో, ఆకాశం కావాలంటే అబిస్కో.

నాన్నకి ఇప్పుడు సెప్టెంబరు మీద మనసు పడింది. విషువత్తుల దగ్గర, అంటే మార్చి, సెప్టెంబరు నెలల్లో ఇవి ఎక్కువ చురుగ్గా ఉంటాయి, పైగా అప్పటికి సరస్సు గడ్డకట్టదు, నీళ్లలో కూడా కనిపిస్తుంది. అక్క సెలవుల క్యాలెండర్ తీసింది, ఆ టూరిస్టు స్టేషన్‌లో అదే గది, కింద మంచం, దొరుకుతుందా అని నేను మెయిల్ పెట్టాను.