స్టార్స్ స్కేలు: ఆ నాలుగు ప్రశ్నల కోసమే ఇంకా వాడుతున్నా

స్టాటిస్టిక్స్ భయాన్ని కొలిచే ఈ స్కేలులో 51 ప్రశ్నలున్నా, నేను దీన్ని వదలకపోవడానికి కారణం నాలుగే: సాయం అడగడానికి జంకును కొలిచేవి. పరీక్ష భయం ప్రశ్నలకు క్లాసులో చాలామంది ఎక్కువ అంకెలే వేస్తారు. సార్ "అర్థమైందా?" అంటే తలూపేసి, డౌటు ఎవరినీ అడగకుండా సెమిస్టర్ గడిపేసే విద్యార్థి దొరికేది ఈ నాలుగింటిలోనే.

హైదరాబాద్‌లో దీన్ని తెలుగు చేసి ఇస్తే మొదట దెబ్బతినేదీ అవే. క్రూజ్, క్యాష్, బోల్టన్ అనే పరిశోధకులు ఈ స్కేలును 1985లో తెచ్చారు. ఫలితాలు కంప్యూటర్ సెంటర్ నుంచి కాగితాల మీద వచ్చే రోజులవి. అందుకే నాలుగింట మూడు ప్రశ్నలు ప్రింటవుట్ గురించే. ఇక్కడి పిల్లలకు ప్రింటవుట్ అంటే జిరాక్స్ షాపు, కంప్యూటర్ సెంటర్ అంటే అమీర్‌పేట కోచింగ్. అక్కడ అడగడానికి భయమేముంది? 1 (అంటే భయం లేదని) వేసి పోతారు. అలాంటి ప్రశ్నకు మిగతావాటితో పొంతన (సహసంబంధం) 0.30 కిందికి జారుతుంది. తిరుగు అనువాదం, అంటే తెలుగును మళ్లీ ఇంగ్లిష్‌లోకి మార్చి మూలంతో సరిచూడటం, ఈ లోపాన్ని పట్టదు. ప్రింటవుట్ మళ్లీ ప్రింటవుట్‌గానే తిరిగొస్తుంది కదా! ఎనిమిది పదిమందిని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, ప్రశ్న చదివించి, "మీ మాటల్లో చెప్పండి" అంటేనే బయటపడుతుంది. "ఎస్‌పీఎస్‌ఎస్ అవుట్‌పుట్" (లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్ చూపే ఫలితాలు), "ల్యాబ్‌లో ఉండేవాళ్లు" అని మార్చాక కుదురుకుంది. "ఆందోళన" అన్న మాట కూడా తీసేయండి, క్యాంపస్‌లో అది ధర్నా. "టెన్షన్" అంటే అందరికీ తెలుస్తుంది.

ఆల్ఫా (ప్రశ్నలన్నీ ఒకే విషయాన్ని ఎంత నిలకడగా కొలుస్తున్నాయో చెప్పే అంకె) తక్కువొచ్చిందని మాత్రం ఈ భాగాన్ని కొట్టేయకండి. ప్రశ్నల మధ్య సగటు సహసంబంధం 0.4 ఉంటే 4 ప్రశ్నలకు ఆల్ఫా 0.73. అదే 0.4తో స్టాటిస్టిక్స్ విలువను అడిగే 16 ప్రశ్నల భాగానికి 0.91 వస్తుంది. తేడా ప్రశ్నల సంఖ్యది, నాణ్యతది కాదు.

స్కేలు మొత్తాన్నీ మెచ్చుకోలేను. మొదటి 23 ప్రశ్నలే భయానివి, తర్వాతి 28 అభిప్రాయాలవి. అన్నీ కూడి ఒకే స్కోరు వేస్తే, సబ్జెక్టు దండగ అనుకునే ధీమా మనిషి కూడా భయస్తుడిలా తేలతాడు. లాటరీ అవకాశాల ప్రశ్న ఇక్కడ పనికిరాదు. కాగితాలు ఆ సబ్జెక్టు సారే పంచి తీసుకుంటే టీచర్ల గురించి అడిగే ఐదు ప్రశ్నలకూ మొహమాటపు జవాబులే.

నా పని ఎక్కువగా తెలుగు మీడియం నుంచి ఎంఏ సైకాలజీకి వచ్చినవాళ్లతో. అందుకే ఇంత మార్పు అవసరమైంది. ఇంగ్లిష్‌లోనే చదివిన క్లాసుకైతే మూలాన్నే ఇచ్చి, ప్రింటవుట్ ఉన్న మూడు ప్రశ్నలు సవరిస్తే సరిపోవచ్చు. అప్పుడు కూడా ఆ భాగం సగటును పాత అధ్యయనాల పక్కన పెట్టి పోల్చకండి.