నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర అర్జీలు రాసే పెద్దాయన షాపు: నా అనుభవం

గడియారం సెంటర్ నుంచి నాలుగడుగులు పోతే ఒక జిరాక్స్ షాపు, దాని పక్క మెట్ల కింద ఒక టేబుల్, పాత కంప్యూటర్, ప్రింటర్. రేకు బోర్డు మీద "అన్ని రకాల దరఖాస్తులు వ్రాయబడును" అని ఉంటది. కూసునే పెద్దాయనకు అరవై ఐదు దాటి ఉంటయి. భూమి పని మీద మూడుసార్లు పోయిన. అర్జీ పెట్టుకునే అవసరం ఉన్నోళ్లకు పనికొస్తదని రాస్తున్న.

ముందు మా సంగతి. మా నాన్న 1987లో రిజిస్ట్రీ చేయించుకున్నది రెండెకరాల ఇరవై గుంటలు (నలభై గుంటలు ఒక ఎకరం). 2018లో వచ్చిన కొత్త పాసుపుస్తకంల 20 ఉండాల్సిన చోట 02 అని పడ్డది. పద్దెనిమిది గుంటల బత్తాయి తోట కాగితం మీద లేకుండ పోయింది. అప్పటి నుంచి తిరుగుడే తిరుగుడు.

నేను మా ఊరి మహిళా సంఘాల లెక్కలు రాస్త. పదిహేనేండ్ల నుంచి మినిట్స్ పుస్తకం నా చేతిలనే ఉన్నది. అందుకే ప్రజావాణిల, అంటే సోమవారం సోమవారం కలెక్టరాఫీసుల జనం అర్జీలు తీసుకునే కాడ, ఇచ్చే అర్జీ కూడ నేనే రాసిన. రెండు రాత్రులు కూసొని నాలుగు పేజీలు. మా తాత బావి తవ్వించిన కాడి నుంచి మొదలుపెట్టిన. టైపు చేయిస్తే బాగుంటదని మాత్రమే ఈ షాపుకు పోయిన.

పెద్దాయన నాలుగు పేజీలు మొత్తం చదివిన్రు, మధ్యల ఒక్క మాట మాట్లాడలే. తర్వాత కాగితాలు నా దిక్కు తిప్పి, "బిడ్డా, ఇందుల నువ్వు అడిగేదేంది? వేలు పెట్టి చూపియ్యి" అన్నరు.

వెతికిన. నేనే రాసింది, నాకే వెంటనే దొరకలే. మూడో పేజీల కింది నుంచి నాలుగో వరుసల ఉన్నది, "విస్తీర్ణము సవరించి ఇప్పించగలరని ప్రార్థన" అని. ఆయన ఎర్ర పెన్నుతో దాని చుట్టు గీసి, మొదటి పేజీల "విషయం" అని ఉన్న కాడికి బాణం వేసిన్రు. నేను అక్కడ "భూమి సమస్య గురించి" అని రాసి ఉన్న. దాన్ని కొట్టేసి ఆయన రాసింది ఇది: "పాసుపుస్తకంలో 2 ఎకరాల 02 గుంటలుగా తప్పు పడిన విస్తీర్ణాన్ని 1987 దస్తావేజు ప్రకారం 2 ఎకరాల 20 గుంటలుగా సరిచేయుట గురించి."

"సోమవారం నీ ముందల, నీ ఎనుక లైన్ ఉంటది. సార్ నీ మొకం చూస్తడు, కాగితం మీద పై మూడు వరుసలు చూస్తడు, ఎవరికి పంపాల్నో పక్కకు రాస్తడు. నువ్వు అడిగేది ఆ మూడు వరుసలల్ల ఉండాలె" అని చెప్పిన్రు. మనకు చిన్నప్పటి నుంచి అలవాటేంది? కథంతా చెప్పి, ఆఖర్న "కావున" అని అడుగుతం. ఆయన ఆ "కావున"ను నెత్తి మీదికి తెచ్చిన్రు.

రెండోది నా వాక్యం. ఇట్ల ఉండె: "మా తండ్రిగారు 1987లో కొనుగోలు చేసి అప్పటి నుండి సాగు చేసుకొనుచుండగా 2018లో ఇచ్చిన పాసుపుస్తకములో విస్తీర్ణము తక్కువగా నమోదు అయినందున పలుమార్లు కార్యాలయము చుట్టూ తిరిగినప్పటికీ ఎవరును పట్టించుకోనందున తీవ్రముగా నష్టపోయి..." ఇంకా నాలుగు వరుసలు పోయి గని ఆగలే. ఆయన "ఉండగా", "అయినందున", "తిరిగినప్పటికీ", "పట్టించుకోనందున" కింద ఒక్కొక్క గీత గీసిన్రు. "మన భాషల పని చెప్పే మాట చివరికొస్తది బిడ్డా. అందాక చదివేటోడు ఊపిరి బిగబట్టుకొని ఉంటడు. 'నందున' వచ్చిన కాడ చుక్క పెట్టు, ఊపిరి తీసుకోనియ్యి" అన్నరు. చుక్కలు పెట్టినంక అది ఇట్లయింది (పహాణీ అంటే ఊరి భూముల లెక్క రాసే రెవెన్యూ రికార్డు):

"మా నాన్న 1987లో ఈ భూమి కొన్నారు. దస్తావేజులో 2 ఎకరాల 20 గుంటలు ఉంది. 2016–17 పహాణీలోనూ అంతే ఉంది. 2018లో ఇచ్చిన పాసుపుస్తకంలో 2 ఎకరాల 02 గుంటలు పడింది."

అక్కడి నుంచే నాన్నకు ఫోన్ చేసి చదివి వినిపించిన. ఆయనకు సదువు రాదు. ముందు రోజు రాత్రి నా నాలుగు పేజీలు వింటుంటే నిద్ర పట్టింది ఆయనకు. ఈ నాలుగు ముక్కలు విని "గంతే కదనే, గిదే కదా నేను ఏడేండ్ల సంది చెప్తున్నది" అన్నడు.

ఇంకో పద్ధతి ఉన్నది ఆయనకు. పాత క్యాలెండర్ కాగితం వెనక తెల్లటి దిక్కు తేదీలు మాత్రమే ఒకదాని కింద ఒకటి రాయమంటరు. పాసుపుస్తకం ఎప్పుడొచ్చింది, మొదటి దరఖాస్తు ఎప్పుడు, ధరణిల (అప్పటి భూమి రికార్డుల వెబ్‌సైట్) టీఎం 33 కింద, అంటే పాసుపుస్తకం తప్పులు సరిచేసే దరఖాస్తు, ఎప్పుడు పెట్టినం, ఎప్పుడు కొట్టేసిన్రు, 2025 జూన్‌ల రెవెన్యూ సదస్సుల ఎప్పుడిచ్చినం. నేను "దసరాకు ముందు" అంటే ఒప్పుకోలే. తేదీ లేని కాడ సున్నా చుట్టి, "ఈ కాగితం తెచ్చుకో" అన్నరు. అట్ల రెండు సున్నాలు మిగిలినయి. ఇంటికి పోయి బీరువాల చీరెల కింద రెండు రసీదులు దొరకబట్టిన. ఆ రసీదులు నా దగ్గర ఉన్నయని నాకే యాదిల లేదు. రెండోసారి పోయినప్పుడు ప్రతి నకలు మూలకు జత 1, జత 2 అని నంబరేసి, అర్జీల ఆ మాట వచ్చిన చోట అదే నంబరు పెట్టిన్రు.

"తీవ్రముగా నష్టపోయాము" అన్న ముక్క మీద కూడ ఆపిన్రు. "ఎంత?" అని అడిగిన్రు. ఇద్దరం కూసొని లెక్క తీసినం. రైతుబంధు (పంట పెట్టుబడికి సర్కారు ఇచ్చిన సాయం) ఎకరానికి పంటకు 5 వేలు ఉన్న రోజుల్ల, 18 గుంటలకు పంటకు 2,250 రూపాయలు. తీవ్రముగా అన్న మాట పోయి ఆ అంకె వచ్చింది. "పాదపద్మములకు", "దయతలచి" కూడ పోయినయి. "మనవి" ఒక్కటి ఉంచిన్రు. "మర్యాదకు అది చాలు. నీ తప్పేం లేదు, దయ ఎందుకు అడుగుతవ్" అన్నరు.

పక్క పొలమాయనతోటి గట్టు పంచాయితీ కూడ అదే అర్జీల రాసిన నేను. అది తీసి పక్కన పెట్టిన్రు. రెండు పనులు ఒక కాగితంల పెడితే అల్కటి పని చేసి ఫైల్ మూసేస్తరంట. గట్టుకు వేరే అర్జీ, వేరే రసీదు. ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలె.

ఒక్క విషయంల మాత్రం నేను ఆయనతోటి ఒప్పుకోలే. మోకాలు నొప్పితోటి మా నాన్న ఎన్నిసార్లు ఆఫీసు మెట్లెక్కిండో ఒక పేరా రాసిన. ఆయన అదంతా కొట్టేసిన్రు. "ఇది నిజమే, గని దీని మీద సార్ ఏం ఆర్డర్ రాస్తడు?" అన్నరు. చాలాసేపు మాట్లాడినంక చివర్న ఒక వరుస ఉంచిన్రు: "దరఖాస్తుదారు వయసు 74, నడవడం కష్టం, సర్వే తేదీ ముందుగా తెలియజేయగలరు." పని జరిగే తీరుల పెట్టిన్రు, ఒప్పుకుంట. అయినా ఏడేండ్లు తిరిగిన మనిషి గురించి ఇంకో వరుస ఉండాల్సిందే అని నాకు ఇప్పటికీ అనిపిస్తది. మీకు అట్లాంటిది ఉంటే గట్టిగ పట్టుబట్టున్రి, ఆయన వింటరు.

చివరికి అర్జీ ఒక పేజీ, జతలు ఆరు. ప్రజావాణిల ఇచ్చినంక మండల ఆఫీసుకు పోయింది. నెల దాటినా ఏ కబురూ రాకపోతే మూడోసారి పోయిన, సమాచార హక్కు (ఆర్‌టీఐ) దరఖాస్తు కోసం. 2005 చట్టం, సెక్షన్ 6(1) కింద. నేను "మా అర్జీ ఎందుకు పట్టించుకోలేదు?" అని అడగాలనుకున్న. పెద్దాయన వద్దన్నరు. ఎందుకు అని అడిగితే జవాబు చెప్పకుండ తప్పించుకోవచ్చు, కాగితం అడిగితే ఇవ్వాలె. మూడు ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నల ఒక్కటే అడుగుడు: ఫలానా నంబరు అర్జీ ఏ తేదీన అందింది, ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నది, దాని మీద ఫైల్‌ల రాసిన నోట్స్ నకలు. ముప్పై రోజుల గడువు తీరకముందే జవాబు వచ్చింది. దాని వెనకనే సర్వే నోటీసు కూడ వచ్చింది. పోయిన వారం సర్వేయర్ వచ్చి కొలిచి పోయిండు. పాసుపుస్తకం ఇంకా మారలే.

షాపుల ఇబ్బందులు కూడ చెప్పాలె. కుర్చీలు రెండే, ఎండకాలం మెట్ల కింద ఉక్కపోత. టైపు అంతా "అను" అనే పాత రకం తెలుగు ఫాంట్స్‌ల చేస్తరు. ఆ ముక్కను కాపీ చేసి వాట్సాప్‌ల పెడితే పిచ్చి అక్షరాలు వస్తయి. అందుకని పీడీఎఫ్ చేసి పంపమని అక్కడనే అడుగున్రి, తర్వాత ఫోన్ చేస్తే ఎత్తరు. పేజీకి వంద తీసుకున్నరు, ఆర్‌టీఐకి ఎనభై. చుట్టుపక్కల కంటే ఎక్కువనే. గని పక్క షాపుల్ల మనం ఇచ్చింది ఇచ్చినట్టే కొడుతరు, ఈయన గంటసేపు మనతోటి కూసుంటరు. మధ్యల వేరే గిరాకీ వచ్చినా లేవలే.

సోమవారం పొద్దున పోవద్దు, పదిన్నర దాక రష్ ఉంటది, అప్పుడు మీతోటి కూసునే టైం ఆయనకు ఉండదు. శనివారం మధ్యాహ్నం పోన్రి. దస్తావేజు, పాత పహాణీ, పాసుపుస్తకం, ఇదివరకు ఇచ్చిన ప్రతి దరఖాస్తు రసీదు పట్టుకపోన్రి. రసీదులు లేకుంటే ముందు బీరువాల వెతకున్రి.